సినీ యూత్ గౌరవాధ్యక్షుడు

యెమ్మిగనూరులో నాకో చిన్న టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు, చుడీదార్లు, స్కూలు యూనిఫారాలు, తలగడ గలీబులు, గుమ్మాల పరదాలు, ఒకసారి మేకపిల్లకు చలికోటు కూడా కుట్టాను. కానీ టీవీకి పరదా కుట్టమని అడిగినవాడు లోకంలో మా నాయన ఒక్కడే.

ఆదోని నుంచి ఫోన్ చేసి కొలతలు చెప్పాడు.

“అడ్డం మూడడుగులు, నిలువు రెండు. మందంగుడ్డ ఎయ్యి అమ్మీ. ఎలుతురు గూడా బయటికి రాగూడదు.”

“టీవీకి సలి పెడతాందా నాయనా?” అన్నాను.

“టీవీకి గాదు. నా సూపుకు కాపు,” అన్నాడు.

మా నాయన ఆదోనిలో పత్తి మిల్లులో బేళ్ళు కట్టే ప్రెస్సు మీద పనిచేసి రిటైరైనవాడు. ఆరు రోజులు దూది దుమ్ము మింగి, ఏడో రోజు చర్చిలో డోలక్ ముందు కూర్చుని పాడేవాడు. ఆ దుమ్మంతా ఎక్కడికి పోయేదో, గొంతు గంటలా మోగేది. నాకు మాటలతో పాటే పాటలూ నేర్పాడు, తర్వాత నా కూతురికీ నేర్పాడు. వంశపారంపర్యంగా ఇవ్వడానికి మా ఇంట్లో ఉన్నది అదొక్కటే.

మూడేళ్ళ కింద కోస్తా వైపు నుంచి ఒక గురువుగారు వచ్చాడు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం యూదుల్లా బతికే కొన్ని కుటుంబాలు ఆయన ప్రాంతంలో ఉన్నాయట. ఆయన చెప్పింది విని ఆదోనిలో అయిదు కుటుంబాలు ఆ దారి పట్టాయి. అందులో మా నాయనది అందరికన్నా ముందు అడుగు. శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా పని లేదు, పొయ్యి లేదు, ఫోన్ లేదు. మాంసం తిన్న పూట పాలు, పెరుగు లేవు. మటన్ కూర తిన్నాక పెరుగన్నం లేకుండా లేవడం మా అమ్మకు మతం మారడం కంటే పెద్ద మార్పు. మొదటి వారం విస్తరి ముందే కూర్చుండిపోయింది, భోజనం ఇంకా అవ్వలేదనుకుని.

అక్కడితో ఆగితే మాకు పరదా అవసరం వచ్చేది కాదు. గురువుగారు హీబ్రూలో ఒక మాట నేర్పించాడు: త్స్నియూత్. అణకువ అని అర్థం. ఒంటికీ, మాటకీ, చూపుకీ, వినికిడికీ కూడా ఒక అణకువ ఉండాలట. కళ్ళు పోయిన దారిన మనసు పోతుంది గనక కళ్ళను కాపలా కాసుకోవాలట. ఆ మాట మా నాయనకు బాగా నచ్చింది. నోరు మాత్రం తిరగలేదు. చెప్పు అనమంటే సెప్పు అనే సీమ మాది. త, స, న మూడింటినీ ఒకే గుక్కలో పలకమంటే ఎట్లా? ఆయన నోట్లో అది ‘సినియూత్’ అయి కూర్చుంది. అసలు మాట ఎవరికీ తెలియదు గనక ఎవరూ దిద్దలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. మా పరువు పోయింది దీనివల్లే.

సరే, పరదా కుట్టి పంపాను. మా నాయన దానికి పైన తీగ కట్టి, పక్కన చిన్న గిలక బిగించి, తాడు చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. వార్తలు చూడవచ్చు, ప్రకటనలు చూడకూడదు. ప్రకటనలు చెప్పి రావు గదా! ప్రధానమంత్రి మాట్లాడుతూ ఉండగానే ఎవరో అమ్మాయి సబ్బు పట్టుకుని జలపాతం కిందికి వచ్చేస్తుంది. మా నాయన తాడు లాగేవాడు. పరదా సర్రున మూసుకునేది. అయిపోయిందేమోనని తీసేవాడు. ఇంకా స్నానం అయ్యేది కాదు. మళ్ళీ సర్రు.

క్రికెట్ అయితే క్షేమం అనుకున్నాడు. ఓవరుకో ప్రకటన, బౌండరీకో డాన్సు. ఒక మ్యాచంతా బౌలరు పరుగెత్తుకు రావడం తప్ప బంతి ఏమైందో చూడలేదు. పోనీ అడవి జంతువుల చానెల్ పెట్టుకున్నాడు. అది మూడు రోజులు బాగానే సాగింది. నాలుగో రోజు సింహాలకు మంచి కాలం వచ్చింది. మా నాయన తాడు లాగిన ఊపుకు తీగ తెగింది. “మృగాలకు ధర్మశాస్త్రం ఇయ్యలేదు గదా, వాటి తప్పేముంది,” అని మా అమ్మ సింహాల తరఫున మాట్లాడింది.

మా అమ్మ గురించి చెప్పాలి. ఆమె చదివింది మూడో తరగతి. ధర్మశాస్త్రంలో ఒక్క వాక్యం చదవలేదు. కానీ ఆ ఇంట్లో అసలైన పండితురాలు ఆమే. సాయంత్రం ఏడు గంటల సీరియల్ ఆమెకు ఊపిరి. పరదా వచ్చిన రోజే ఒక ప్రశ్న వేసింది.

“ఈ పరదా ఎవురి సూపుకు?”

“నా సూపుకు,” అన్నాడు మా నాయన.

“మరి నాకేంటికి?” అని తల పరదా లోపలికి దూర్చింది. పాతకాలం ఫోటో తీసేవాడు నల్లగుడ్డలో తల పెట్టినట్లు, మెడ దాకా లోపల, మిగతా మనిషి బయట. ఏడుపు వచ్చే సీన్లలో వీపు కదిలేది. మా నాయన ఆ వీపును చూస్తూ కూర్చునేవాడు. దానికి నిషేధం లేదు.

శుక్రవారం చిక్కు ఇంకా పెద్దది. సీరియల్ వాళ్ళు వారంలోని పెద్ద మలుపును శుక్రవారానికే దాచి పెడతారు. ఆ వేళకు టీవీ ముట్టకూడదు. రెండు శుక్రవారాలు ఓర్చుకుంది. మూడో శుక్రవారం పొద్దుండగానే టీవీ పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చుంది.

“ఏమ్మే, ఇదేంది?” అన్నాడు మా నాయన.

“నేను నొక్కల్యా. పొద్దు గుంకకముందు నొక్కినా. ఇప్పుడది దాని పాటికి అది ఆడతాంది. ముందే ఎలిగించిన దీపం ఆర్పగూడదని నువ్వే గదా సెప్తివి? మల్ల ఎవురు ఆర్పుతారో ఆర్పండి సూస్తాం.”

శనివారం చుక్కలు పొడిచాక మా నాయన ఈ ప్రశ్న గురువుగారికి పంపితే రెండు రోజులు ఆయన దగ్గర నుంచి చప్పుడు లేదు.

ఇదంతా నవ్వుకునే సంగతే. నాకు నవ్వు రాని సంగతి ఒకటుంది. పరాయి స్త్రీ పాడితే మగవాడు వినకూడదని గురువుగారు చెప్పాడు. మా నాయన ‘పరాయి’ అన్న మాటను వదిలేసి మిగతాది ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన స్వభావమే అంత. డాక్టరు ఉప్పు తగ్గించమంటే ఉప్పు డబ్బా బయట పారేసే మనిషి. ఆ ఇంట్లో ఆడ గొంతు పాట ఆగిపోయింది. మా అమ్మకు నష్టం లేదు, ఆమె ఎప్పుడూ పాడలేదు. అరుస్తుంది, దాన్ని ఎవరూ నిషేధించలేదు. కూనిరాగం తీయకుండా కూరగాయలు కోయలేనిదాన్ని నేను. ఆదోని పోయినప్పుడల్లా పెదాలు బిగించుకుని ఉల్లిగడ్డలు కోసేదాన్ని. కళ్ళల్లో నీళ్ళు వస్తే ఉల్లిగడ్డల మీదికి తోసేదాన్ని.

నా కూతురు ప్రతి సాయంత్రం ఫోన్లో తాతకు ఒక పాట పాడి వినిపించేది. “ఇంగ పాట వద్దులే బంగారూ, ఎక్కాలు సెప్పు,” అన్నాడు. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. పాటల తాత ఎక్కాల తాత ఎందుకయ్యాడో దానికి అర్థం కాలేదు. పన్నెండో ఎక్కం దాకా చెప్పి, తర్వాత ఫోన్ చేయడం మానేసింది.

ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. ఈ ఏడు శ్రావణ మాసంలో మా ఊరి కేబుల్ చానెల్ వాళ్ళు పిల్లలకు పాటల పోటీ పెట్టారు. నా కూతురు చివరి ఎనిమిది మందిలోకి వచ్చింది. ఆదివారం పొద్దున ఫంక్షన్ హాలులో పాడాలి. అందరం ఎగిరి గంతులేస్తుంటే అది నెమ్మదిగా ఒక మాట అంది.

“తాత ముందు వరసలో కూసుంటేనే పాడతా. ల్యాకుంటే నా పేరు కొట్టేయమను.”

బెదిరింపు కాదది. తాత లాంటిదే మనవరాలు, అంటే అంతే. నేను వెంటనే ఆదోనికి ఫోన్ చేశాను. మాట్లాడడానికని చేసి పోట్లాడాను.

“పాట నేర్పించింది నువ్వే. ఇప్పుడు ఇనను అంటే ఎట్ల నాయనా? దాని గొంతులో ఏం పాపం సూసినావు?”

“పాపం అని ఎవురన్నారు? అడక్కుండా ఏదీ సెయ్యగూడదు. గురువుగారిని అడిగి సెప్తా,” అన్నాడు.

గురువుగారు ప్రయాణంలో ఉన్నాడు. మా నాయన వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. జవాబు కోసం అందరం ఎదురు చూస్తున్నాం.

ఈ మధ్యలో మా ఆయన ఒక పని చేశాడు. ఆయన ఆటో నడుపుతాడు. కూతురు చివరి ఎనిమిదిలోకి వస్తే ఆటో స్టాండ్ వాళ్ళు ఊరుకుంటారా? ఫ్లెక్సీ వేయించాలన్నారు. పాట నేర్పిన తాత ఫోటో లేకుండా ఎట్లా అన్నారు. ఫోటో కింద పదవి ఏదైనా ఉండాలన్నారు. ఉత్త తాత అని రాస్తే మా ఊళ్ళో ఫ్లెక్సీకి గౌరవం ఉండదు. మా ఆయన స్టాండ్‌లోనే నిలబడి, హారన్ల మధ్య, మా నాయనకు ఫోన్ చేశాడు.

“మామా, మీదేదో సంగం ఉండాది గదా, దాని పేరేంది?”

“సంగం ఏమీ ల్యాదప్పా. మాకు సినియూత్ ముఖ్యం,” అన్నాడట మా నాయన, మతం గురించి అడిగాడనుకుని.

ఆ హారన్లలో మా ఆయన చెవికి ఏం వినపడిందో అప్పటికి నాకు తెలియదు.

శనివారం మధ్యాహ్నం ఆదోని పోయాను, మరుసటి రోజు ఆయన్ని తీసుకురావడానికి. తలుపు దగ్గరే మా అమ్మ గొంతు తగ్గించి, “జవాబు వచ్చిండాది,” అంది. నిన్న పొద్దు గుంకుతున్నప్పుడు ఫోన్ టింగుమందట. అప్పటికే దీపాలు వెలిగించేశారు. ఇంక ముట్టకూడదు. ఫోన్ అలమరలో ఉంది. నా కూతురు పాడుతుందో లేదో దాని లోపలే ఉంది.

“నేను నొక్కుతా నాయనా,” అన్నాను.

“నువ్వు నా కూతురివి. నీతో సేయిస్తే నేను సేసినట్లే.”

“పిల్లిని ఎక్కిస్తాం, అదే నొక్కుతుంది,” అంది మా అమ్మ. ఆమె నిజంగానే అటూ ఇటూ చూసింది పిల్లి కోసం.

మూడు చుక్కలు కనపడితే గాని విశ్రాంతి దినం ముగియదు. సందెవేళ ముగ్గురం మిద్దె ఎక్కాం. శ్రావణం మబ్బులు. ఒక చుక్క కనపడింది. చాలాసేపటికి రెండోది. మూడోది అని మా అమ్మ చూపించింది సెల్ టవరు మీది లైటు. “ఎర్రగా ఉంటే సుక్క కాదమ్మే,” అని మా నాయన నిట్టూర్చాడు. ఆయన మొహం చూశాను. మాకన్నా ఆయనకే ఎక్కువ తొందరగా ఉంది, పాపం. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మిల్లు సైరన్ కోసం చూసినట్లు ఆకాశం వైపే చూస్తున్నాడు. మబ్బు కదిలి మూడో చుక్క కనపడగానే డెబ్బై ఏళ్ళ మనిషి మెట్లు రెండేసి దిగాడు.

గురువుగారి గొంతు వినపడింది.

“పెద్దాయనగారూ, మీరు కంగారు పడకండి. ఆ నియమం పరాయి ఆడవాళ్ళ గురించండీ. కూతురు, మనవరాలు సొంత రక్తం గదా, వాళ్ళ పాట శుభ్రంగా వినొచ్చు. మీరు ఇన్నాళ్ళూ మాన్పించారా ఏంటి? అయ్యయ్యో! మిగతా పిల్లలు పాడేటప్పుడు మాత్రం కాస్త బయటికెళ్ళి నిలబడండి.”

“మూడేండ్లు!” అంది మా అమ్మ. అది చాలు. మా నాయన ఆ సందేశాన్ని మళ్ళీ పెట్టుకుని విన్నాడు. రెండోసారి ‘కూతురు’ అన్న చోట నా వైపు చూడబోయి, అలమర తలుపు సరిచేశాడు. మనవరాలి గురించి అడిగితే ఆయనకు కూతురు కూడా జవాబుగా వచ్చింది. నాకు కోపం వచ్చింది. సంతోషం కూడా వచ్చింది. ఏది ముందు చెప్పాలో తెలియక వంటింట్లోకి పోయి పప్పు కడిగాను. పాడలేదు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం బస్సెక్కాం. ఉరుకుంద తిరునాళ్ళకు పోయే జనంతో బస్సు కిక్కిరిసింది. మా నాయన తెల్ల అంగీ, తల మీద గుండ్రటి చిన్న టోపీ, భుజం మీద ఇస్త్రీ చేసిన తువ్వాలుతో పెళ్ళికి పోయినట్లున్నాడు. యెమ్మిగనూరులో దిగి ఫంక్షన్ హాలు సందు తిరిగాం.

అక్కడ ఉంది ఫ్లెక్సీ, ఎనిమిదడుగుల ఎత్తున.

మధ్యలో మైకు పట్టుకుని నా కూతురు. ఎడమ వైపు మా నాయన, ఎప్పుడో మిల్లు గుర్తింపు కార్డుకు దిగిన ఫోటో, దానికి ఫ్లెక్సీ షాపువాడు నల్ల కళ్ళద్దాలు తగిలించాడు. కుడి వైపు, ఖాళీ ఉంటే బాగుండదని వాడే పెట్టిన సినిమా తార, చేతుల్లేని జాకెట్టుతో, మా నాయన వైపే చూసి నవ్వుతూ. కింద ఎర్రటి అక్షరాలు: ‘సినీ యూత్, యెమ్మిగనూరు. గౌరవాధ్యక్షులు: పాప తాతగారు.’

మా నాయన చిన్నగా కూడబలుక్కుని చదివాడు. “సి... నీ... యూ... త్.” ఇంకోసారి చదివాడు. మా ఆయన ఆటో పక్కన నిలబడి మెప్పు కోసం చూస్తున్నాడు.

“ఎవురు రాయించినారప్పా ఇది?”

“నేనే మామా! నువ్వే గదా సెప్తివి, సినీ యూత్ ముఖ్యమని. మొత్తం స్టాండంతా మెచ్చుకున్నారు. ఈ వయసులో గూడా నీకు సినిమా అంటే అంత పేణమని మాకు తెల్దు మామా.”

మూడేళ్ళుగా సబ్బు ప్రకటన కూడా చూడని మనిషిని ఊరి నడిబొడ్డున సినిమా సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు, కళ్ళద్దాలతో సహా. ఇంక వెనక్కి తిరిగి ఆదోని బస్సెక్కేస్తాడు అనుకున్నాను. నా కూతురు కూడా అదే అనుకుంది. హాలు మెట్ల మీద, నేను కుట్టిన నిండు చేతుల జాకెట్టూ పట్టు పావడాతో, తాతనే చూస్తోంది.

మా నాయన దాన్ని చూశాడు. ఫ్లెక్సీని చూశాడు. తర్వాత అల్లుడి ఆటోను ఫ్లెక్సీ కిందికి తెప్పించి, మేం వద్దు వద్దంటున్నా సీటు మీద నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి ఆ తార మెడ నుంచి మోకాళ్ళ దాకా కప్పి, రెండు కొసలూ ఫ్లెక్సీ కర్రకు ముడివేశాడు. ప్రెస్సు మీద బేలు కట్టిన చేతులవి. ఆ ముడి ఇంక ఊడదు.

కిందికి దిగి చేతులు దులుపుకున్నాడు.

“ఇప్పుడయింది సినియూత్,” అన్నాడు.

లోపల ముందు వరసలో కూర్చున్నాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఆరుగురు ఆడపిల్లలు. ప్రతి ఆడపిల్ల పాటకూ లేచి బయటికి పోయేవాడు, మగపిల్లవాడు పాడితే వచ్చి కూర్చునేవాడు. మూడోసారి లేచినప్పుడు వెనక వరసలో ఎవరో జాలిపడి, “పెద్దాయనకు సుగర్ ఉన్నట్లుంది, బాత్రూం అటు పక్క ఉండాదప్పా,” అని చెయ్యి పట్టుకుని నడిపించారు. మర్యాదకు మా నాయన అటే పోయాడు. తర్వాత ప్రతిసారీ వాళ్ళే దారి వదిలారు.

నా కూతురు పేరు పిలిచారు. వెనక వరసవాళ్ళు అలవాటుగా మోకాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. మా నాయన లేవలేదు. పాట మొదలైంది. ఆయన చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది, కనురెప్ప కొట్టడం లేదు. మూడేళ్ళు కాపలా కాసిన చూపంతా తెచ్చి ఆ పిల్ల మీద పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి తోయడానికి ఉల్లిగడ్డలు కూడా లేవు.

మొదటి బహుమతి వేరే పిల్లకు వచ్చింది. దానికది పట్టలేదు. తాత దగ్గరికి పరుగెత్తింది.

“రెండో సరణంలో తొందరపడినావు,” అన్నాడు తాత.

“తెలుసు. నిన్ను సూసి,” అంది అది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, అమ్మ ఇంట్లో మనవరాలి దగ్గర ఉంటే, మా నాయన ఆదోని బస్సుకు ముందు నా షాపులో కూర్చున్నాడు. తను వేసిన ముడి తనే విప్పి తువ్వాలు, ఫ్లెక్సీ రెండూ తెచ్చుకున్నాడు. తారను కత్తిరించేయమన్నాడు, కళ్ళద్దాల తన బొమ్మను కూడా. మధ్యలో మనవరాలు ఉన్న ముక్కకు అంచులు కుట్టమన్నాడు.

“ఏంటికి నాయనా?”

“టీవీకి పరదా. మూసినప్పుడు సూసేదానికి ఏదో ఒకటి ఉండాల గదా.”

అడ్డం మూడు, నిలువు రెండు. మిషన్ తొక్కుతున్నాను. గట్టి ఫ్లెక్సీ, సూది తడబడుతుంటే చూపంతా దాని మీదే ఉంది. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు, కూనిరాగం తీస్తున్నాను. చప్పున గుర్తొచ్చి ఆపేశాను. కాలు కూడా ఆగింది.

“ఏమ్మీ, ఆపేస్తివే,” అన్నాడు.

“మూడేండ్లు నాయనా,” అన్నాను. ఎప్పటి నుంచో అనాలనుకున్న పది మాటల్లో ఆ రెండే బయటికి వచ్చాయి.

ఆయన తల వంచుకుని తువ్వాలుకు పడిన ముడతలు సాపు చేశాడు.

“ఒక్క మాట అడిగింటే పోయేది. అడగల్యాకపోతి. నీ సంగతే ముందు అడగాల్సింది, అమ్మీ.” తువ్వాలు భుజాన వేసుకుని, “గురువుగారు కూతురు అని గూడా అన్యాడు. నేను ఇన్యా. పాడు,” అన్నాడు.

“బస్సు పోతాది నాయనా.”

“పోతే ఇంగోటి వస్తాది. కొంచెం శ్రుతి పెంచు.”

ఆ పూట మా నాయన ఆదోని బస్సులు మూడు వదులుకున్నాడు.